చింపకూడని పేజీ

1992 జనవరి 20

పిచ్చుకా,

బాగున్నావా అని అడగను. బాగుంటే తీరిక లేక రాయవు, బాగాలేకపోతే పౌరుషం కొద్దీ రాయవు. అందుకే నీ వదిననైన నేనే ముందు కలం పట్టాను. పైగా పని పడింది.

నా కంప్యూటర్‌కి జబ్బు చేసింది. 'నా' అన్నానని నవ్వకు. అది లైబ్రరీదేనని నాకూ తెలుసు. కానీ ఎవరో పుణ్యాత్ముడు దాన్ని దానంగా ఇచ్చి వెళ్ళిన ఈ మూడేళ్ళలో దాని మొహం చూసిన మనిషిని నేనొక్కదాన్నే. మా లైబ్రేరియన్ గారు రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డతో తుడిచి, అదేదో కరుస్తుందన్నట్టు రెండడుగులు వెనక్కి వేస్తారు. బైండింగు గదిలో జిగురు కలుపుకునేదాన్ని, నువ్వు సెలవులకొచ్చి పది రోజులు నేర్పిన నాలుగు ముక్కలతో పధ్నాలుగు వేల పుస్తకాలు అందులోకి ఎక్కించాను. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉంది, ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు తేవాలి, అన్నీ ఉన్నాయి.

పోయిన మంగళవారం సూచిక తెరవబోతే 'మెమరీ చాలదు' అని ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి ఊరుకుంది. ఆపి మళ్ళీ పెట్టాను. బతిమాలాను. తిట్టాను. గోడకు చెప్పుకున్నట్టే ఉంది.

ఏప్రిల్ పదిన కమిటీ కూర్చుంటుంది. కంప్యూటర్ పనిచేస్తే నాకు 'క్యాటలాగు సహాయకురాలు' అని పర్మనెంటు పోస్టు ఇస్తామన్నారు. పనిచేయకపోతే దాన్ని అమ్మేసి మళ్ళీ కార్డుల సొరుగులే. నేను మళ్ళీ రోజుకూలీ మీద జిగురు డబ్బా దగ్గరికే. కలప డిపో నడిపే మా ఛైర్మన్ గారు ఇప్పటికే 'ఆ టీవీ మనకెందుకండీ' అంటున్నారట.

నువ్వు కంప్యూటర్ల షాపులో స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరిగేదానివి కదా, దీనికి మందేమిటో చెప్పు. మీ అన్నయ్య ఎవరిదో గోడగడియారం విప్పి, స్ప్రింగు ఎక్కడికో ఎగిరిపోయి, బల్ల కింద దేవులాడుతున్నారు. నీకు ఆశీస్సులు చెప్పమని బల్ల కిందనుంచే అన్నారు.

మీ వదిన


1992 జనవరి 28

వదినా,

నీ ఉత్తరం షాపులో చదివి పకపకా నవ్వితే మా ఓనరు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. రాయడం లేదని దెప్పావు, ఇదిగో, అందిన రోజే రాస్తున్నా.

నీ మిషన్‌కి జబ్బేమీ లేదు. దాని మెమరీ నీ బైండింగు బల్ల లాంటిది అనుకో. పుస్తకం పరుద్దామంటే జిగురు డబ్బా, కత్తెరలు, బరువు రాళ్ళు సగం బల్ల ఆక్రమించాయి. ఆ సామాను పేరు డాస్. మిషన్ని నడిపేది అదే కాబట్టి తీసి పారేయలేం. కానీ నీ బల్లకి పైన ఒక అటక ఉంది, ఖాళీగా పడి ఉంది. పాత డాస్‌కి అటక ఎక్కడం రాదు. కొత్త డాస్ వచ్చింది, అది తన సామాను చాలావరకు అటక మీద సర్దుకుంటుంది. నీకు బల్ల మిగులుతుంది. కొత్త మిషన్ అక్కర్లేదు, కొత్త మెమరీ అక్కర్లేదు.

ఇక ఖరీదు. కొత్తగా కొనేవాళ్ళకి ఒక ధర. అది నీకొచ్చే కూలి మూడు నెలలకి సమానం. ముందే పాత డాస్ ఉన్నవాళ్ళకి అప్‌గ్రేడ్ ధర. అది అందులో మూడో వంతు. మీ లైబ్రేరియన్ గారు కమిటీని అడక్కుండా చిల్లర ఖర్చుల కింద సంతకం పెట్టగలిగినంత మాత్రమే. పూర్తి ధరయితే ఆయన చేతిలో లేదు కదా.

ఒకే ఒక్క షరతు. పాత డాస్ మనదేనని రుజువు కావాలి. దాంతో ఇచ్చిన లావుపాటి పుస్తకంలో మొదటి పేజీ, పేరు ఉన్న పేజీ, చింపి పంపాలి. జిరాక్స్ తీసుకోరు. గడువు మార్చి ముప్పై ఒకటి. చింపు, కవర్లో పెట్టు, పంపు. అంతే పని.

అన్నయ్యకి ఆ స్ప్రింగు దొరికిందా?

నీ పిచ్చుక


1992 ఫిబ్రవరి 6

ఏమే,

చింపు, కవర్లో పెట్టు, పంపు! ఎంత తేలిగ్గా అనేశావే! ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పనేమిటి? ఊళ్ళోవాళ్ళు చింపిన పేజీలు అతికించడం. నువ్వొచ్చి నా చేత్తోనే చింపమంటున్నావు. కసాయివాడికి చెప్పినట్టు చెప్పావు.

సరే, నా బాధ పక్కన పెట్టు. అసలు చిక్కు విను. మా లైబ్రరీ గడప దాటి అచ్చు పుస్తకం ఏది లోపలికొచ్చినా దానికి మూడు పనులు జరుగుతాయి. నంబరు పడుతుంది, మొదటి పేజీ మీద ముద్ర పడుతుంది, నా చేతిలో కొత్త అట్ట పడుతుంది. కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకమూ పుస్తకమే కదా. దానికీ నంబరు వేశాం. 13871. ముద్ర గుద్దాం. నేను దాని వదులు కాగితాలన్నీ దారంతో కుట్టి నీలం గుడ్డ అట్ట వేశాను. చూస్తే ముచ్చటేస్తుంది.

ఇప్పుడది లైబ్రరీ ఆస్తి. మా గోడ మీద బోర్డు చూశావుగా. పేజీ చింపిన సభ్యుడి సభ్యత్వం రద్దు, ఉద్యోగి చింపితే ఉద్యోగం రద్దు. ఆ అక్షరాలు కుంచెతో రాసింది నేనే. పుస్తకాన్ని లెక్కలోంచి తీసేయాలంటే కమిటీ తీర్మానం కావాలి. కమిటీ కూర్చునేది ఏప్రిల్ పదిన. నీ గడువు మార్చి ముప్పై ఒకటి. ఉద్యోగం కోసం పేజీ చింపాలి, చింపితే ఉద్యోగం పోతుంది. ఎలా ఉంది నా బతుకు?

ఇంకా ఉంది. అసలా పుస్తకం బీరువాలోనే లేదు! రిటైరైన స్టేషన్ మాస్టరు గారు ఎనిమిది నెలల క్రితం ఇంటికి పట్టుకెళ్ళారట. ఆయన లావుగా ఉన్న పుస్తకం ఏదైనా వదలరు. వెళ్ళి అడిగితే 'రెండుసార్లు చదివానమ్మా, మూడోసారి సగంలో ఉన్నాను, చివర్లో బాగుంటుంది' అన్నారు. ఆయన జన్మలో కంప్యూటర్ చూడలేదు.

స్ప్రింగు మీ అన్నయ్య చొక్కా జేబులోనే ఉంది. నాలుగు రోజులు వెతికారు.

తల పట్టుకు కూర్చున్న
మీ వదిన


1992 ఫిబ్రవరి 14

వదినా,

నాకు నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ప్రపంచంలో డాస్ పుస్తకాన్ని బీరువాలో పెట్టి అద్దెకిచ్చినట్టు సభ్యులకిచ్చిన లైబ్రరీ మీది ఒక్కటే అయి ఉంటుంది.

కానీ ఇంత రాద్ధాంతం దేనికి? ఒక్క కాగితం. అందులో ఏముంది, కంపెనీ పేరూ ఏడాదీ. ఎవరూ లేనప్పుడు ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది. ఆ పుస్తకం స్టేషన్ మాస్టరు గారు తప్ప ఎవరూ తెరవరు, ఆయన ఎప్పుడో మొదటి పేజీ దాటేశారు. నువ్వు పాత పద్ధతులు పట్టుకుని వేలాడితే చేతికందిన పోస్టు పోతుంది. తర్వాత నన్నేడిపించి లాభం లేదు.

మా ఓనరు మీ లైబ్రరీ గురించి అడిగాడు. ఎన్ని పుస్తకాలు, ఛైర్మన్ ఎవరు, కమిటీ ఎప్పుడు అని. అన్నీ చెప్పాను, నీ గురించీ గొప్పగా చెప్పానులే. 'బైండర్ అయ్యుండీ పధ్నాలుగు వేలు ఎక్కించిందా!' అని నోరు తెరిచాడు. నాకు గర్వంగా అనిపించింది.

త్వరగా చింపు.

పిచ్చుక


1992 ఫిబ్రవరి 22

మరదలికి,

మీ షాపు నుంచి మా ఛైర్మన్ గారికి ధరల కాగితం వచ్చింది. లైబ్రేరియన్ గారు నాకు చూపించారు. కొత్త మిషన్, కొత్త మెమరీ, పూర్తి ధరకి కొత్త డాస్. అన్నీ కలిపితే మా లైబ్రరీ రెండేళ్ళు కొనే పుస్తకాల ఖర్చు. అది చాలక 'శిక్షణ పొందిన ఆపరేటర్' కూడానట, సంవత్సరం ఒప్పందం మీద. కాగితం కింద మూలన నీ పొట్టి సంతకం ఉంది.

దాంతోపాటు మీ ఓనరు చేత్తో రాసిన ఉత్తరం కూడా చదివాను. 'ఆపరేటర్‌గా మా ఆఫీసు నుంచి మీ ఊరి అమ్మాయినే పంపుతాము, అక్కడే బైండింగు పని చేసే బంధువు ద్వారా మీ లైబ్రరీ ఆమెకు బాగా తెలుసు' అని రాశాడు.

నా కుర్చీ కావాలంటే నన్నే అడగాల్సింది. లేచి ఇచ్చేదాన్ని. కొత్త మిషన్ అక్కర్లేదు అని నాకు రాసిన చేత్తోనే కొత్త మిషన్ కొనమని వాళ్ళకి రాశావు. కమిటీ రోజు ఎప్పుడని అడిగితే చెప్పానన్నావు, ఇందుకేనన్నమాట.

నీకు పదేళ్ళప్పుడు ఈ ఇంటికొచ్చాను. నీ జడలు నేనే వేశాను. ఇంతకంటే రాయలేను.

మీ అన్నయ్యకి చెప్పలేదు.


1992 ఫిబ్రవరి 29

వదినా,

నాలుగేళ్ళకోసారి వచ్చే తారీఖున, జీవితంలో ఇంతకుముందెప్పుడూ ఏడవనంత ఏడ్చి రాస్తున్నాను.

ఆ ధరల కాగితం నేనే టైపు చేశాను. మీ ఒక్కళ్ళకి కాదు, ఆ నెలలో ముప్పై మందికి చేశాను. ఓనరు ఒక నమూనా ఇస్తాడు, పైన ఊరి పేరు ఖాళీ వదిలి అన్నీ ఒకేసారి కొట్టించి, ఎవరెవరికి పంపాలో తర్వాత ఆయనే నింపుకుంటాడు. కొట్టినవాళ్ళు మూలన సంతకం పెట్టాలి, అది షాపు రూలు. చేత్తో రాసిన ఉత్తరం సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలీదు. నేను నీ గురించి గొప్పగా చెప్పుకున్న మాటల్నే ఆయన వ్యాపారానికి వాడుకున్నాడు. నా నోటి దురద. ఆ తప్పు మాత్రం నాదే, ఒప్పుకుంటున్నా.

నీ ఉత్తరం పట్టుకుని తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళాను. 'మా వదిన కూర్చున్న కుర్చీలో నేను కూర్చోను. వాళ్ళకి కొత్త మిషన్ అక్కర్లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు' అన్నాను. ఆయన చాలా తాపీగా 'అయితే నీకు సర్వీసు బల్ల కూడా అక్కర్లేదు. రేపట్నుంచి ముందు కౌంటర్లో కూర్చుని వచ్చేవాళ్ళకి నమస్కారాలు పెట్టు' అన్నాడు. నా స్క్రూడ్రైవర్ల సంచీ లాక్కున్నాడు వదినా.

పోతే పోయింది. నాకు మండిపోతున్నది దానికి కాదు. నువ్వు నమ్మావే, అందుకు. ఓనరు రాసిన రెండు లైన్లు నమ్మావు, నన్ను నమ్మలేదు. జడలు వేసిన చేతులతో ఆ మాట ఎలా రాశావు?

గడువుకి నెల రోజులే ఉంది. నా మీద కోపం ఉంటే ఉంచుకో. పేజీ మాత్రం పంపు.

పిచ్చుక


1992 మార్చి 9

నా పిచ్చి పిచ్చుకా,

నన్ను నాలుగు తిట్టు. ఎదురుగా ఉంటే చెవులు మెలిపెట్టమనేదాన్ని. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపిస్తే, ఎప్పుడూ నోరెత్తని మనిషి, భూతద్దం కంట్లోంచి తీసి 'నీకు బుద్ధుందా?' అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్నన్న మొదటి పెద్ద మాట అది. లేదని ఒప్పుకున్నాను.

క్షమించమని అడగడం నాకు చేతకాదు. అందుకని పని చేసి చూపించాను. విను.

స్టేషన్ మాస్టరు గారింటికి మళ్ళీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి 'అంటే మీ మిషన్లో ఒక గది తాళం వేసి ఉంది, కొత్తదానికి తాళంచెవి ఉంది, అంతేగా! నేను అప్పుడే అనుకున్నాను, నూట తొంభయ్యో పేజీలో' అని పుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు. ఆలస్య రుసుం కూడా అడక్కుండానే ఇచ్చారు.

పుస్తకం తెచ్చుకున్నానే గానీ చింపడానికి చెయ్యి రాలేదు. రెండు రోజులు బైండింగు బల్ల మీద పెట్టుకుని దాని మొహమూ నా మొహమూ చూసుకున్నాం. మూడో రోజు మా నియమాల పుస్తకం చివరిదాకా చదివాను. స్టేషన్ మాస్టరు గారి పద్ధతే. ఇరవై రెండో నియమం ఏమంటుందో తెలుసా? 'మరమ్మతు నిమిత్తము బైండరు పుస్తకమును విడదీయవచ్చును.' ఎన్నాళ్ళలో తిరిగి కుట్టాలో ఎక్కడా లేదు!

చింపితే నేరం. విప్పితే నా వృత్తి. ఇరవై రెండేళ్ళుగా రోజూ చేస్తున్న పనిని మర్చిపోయి ఏడుస్తూ కూర్చున్నాను చూడు.

లైబ్రేరియన్ గారిని పిలిచి ఆయన ఎదుటే విప్పాను. అట్ట ఊడదీశాను, దారం కోశాను, తడిగుడ్డ పెట్టి జిగురు నానబెట్టాను. మొదటి పేజీ చిన్న గీత కూడా పడకుండా చేతిలోకొచ్చింది. దాని చోట తెల్ల కాగితం పెట్టి 'అసలు పేజీ మరమ్మతు నిమిత్తం కంపెనీకి పంపబడినది' అని రాసి తారీఖు వేశాను. మిషన్‌కి మరమ్మతు కూడా మరమ్మతేగా. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, 'మరి దీన్ని తిరిగి ఎప్పుడు కుడతారమ్మా?' అన్నారు. 'పేజీ తిరిగొచ్చిన రోజున' అన్నాను. పకాలున నవ్వి, చిల్లర ఖర్చుల కాగితం మీద సంతకం గీకేశారు. 'కమిటీ అడిగితే నేనే జవాబు చెప్తాను' అన్నారు. ఆయనకి అంత ధైర్యం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

పేజీని పల్చటి కాగితంలో చుట్టి, రెండు అట్టల మధ్య పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. డబ్బు మనియార్డరు వేరే. జాగ్రత్త.

నిన్ను అనుమానించినందుకు సిగ్గుపడుతూ,
వదిన


1992 మార్చి 24

వదినోయ్!

సాధించాం! ముందే చెప్పేస్తున్నా, లేకపోతే సగం చదివి గుండె పట్టుకుంటావు.

పేజీ పట్టుకుని కంపెనీ కౌంటర్‌కి వెళ్ళాను. అక్కడ గుమస్తా దాన్ని వేలితో తడిమి చూసి 'ఇది అసలు పేజీ కాదు' అన్నాడు. 'ఎందుకు కాదు?' అంటే, 'అందరూ చింపి తెస్తారు, అంచు రంపంలా ఉంటుంది. ఇది ప్రెస్సులోంచి ఇప్పుడే వచ్చినట్టు నున్నగా ఉంది. పైగా ఏదో లైబ్రరీ ముద్ర. ఎవరి పుస్తకం ఎత్తుకొచ్చారు?' అన్నాడు.

నీ శుభ్రమే మన కొంప ముంచిందనుకున్నాను. పేజీని కిటికీ వైపు ఎత్తి చూశాను, ఊరికే, ఏం చేయాలో తోచక. అప్పుడు కనిపించాయి వదినా. లోపలి అంచున వరసగా అయిదు సూది బెజ్జాలు! ప్రాణం లేచొచ్చింది. 'ఇది కుట్టిన పుస్తకంలోంచి విప్పిన పేజీ. ఇవిగో బెజ్జాలు. కుట్టింది మా వదిన, విప్పింది మా వదిన. ఇక ముద్రంటారా, ఇక్కడికి పేజీలు తెచ్చేవాళ్ళలో ఎంతమంది తమదేనని నంబరూ తారీఖూ వేసి రుజువు చూపించారు?' అని గట్టిగా అడిగాను. లైన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

గుమస్తా లోపలికెళ్ళి ఆఫీసర్ని పిలుచుకొచ్చాడు. ఆయన పేజీ చూశాడు, నీ అట్టలు చూశాడు, పల్చటి కాగితం చూశాడు. 'రెండేళ్ళుగా ఇక్కడ కూర్చున్నాను. సగం నమిలిన పేజీలు కూడా తీసుకున్నాను. ఒక పేజీని ఇంత మర్యాదగా పంపినవాళ్ళు ఎవరూ లేరు' అని, ముద్ర గుద్ది, డబ్బాలో మూడు ఫ్లాపీలు చేతిలో పెట్టాడు. వేరే పార్సిల్‌లో పంపాను. చేయాల్సినదంతా నాలుగు పేజీలు రాసి అందులోనే పెట్టాను. ఒక్క లైను కూడా దాటేయకు. మొదలెట్టే ముందు నీ పధ్నాలుగు వేల పుస్తకాలకీ ఫ్లాపీల్లో నకలు తీసుకో. ఇది మాత్రం కాళ్ళు పట్టుకుని అడుగుతున్నా.

నా సంగతా? ఓనరు శిక్ష అనుకుని ముందు కౌంటర్లో కూర్చోబెట్టాడు కదా. ఎవరొచ్చినా ముందు నా దగ్గరికే రావాలి. 'పాత మిషన్ నెమ్మదిగా ఉంది, కొత్తది కొనాలా?' అని అడిగినవాళ్ళకి నిజం చెప్పాను. పదిహేను రోజుల్లో పంతొమ్మిది అప్‌గ్రేడ్లు అమ్మాను. ఓనరు మొదట ఎగిరిపడ్డాడు, తర్వాత గల్లాపెట్టె చూసుకుని చల్లబడ్డాడు. నిన్న నా సంచీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఒక స్క్రూడ్రైవర్ తక్కువుంది. అడిగి మరీ తెచ్చుకున్నాను.

క్షమించేశాను పో. జడల మాట ఇంకెప్పుడూ ఎత్తకు, ఏడుపొస్తుంది.

నీ పిచ్చుక


1992 ఏప్రిల్ 2

పిచ్చుకా,

నిలబడే రాస్తున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు.

నకలు తీయడానికి రెండు రోజులు పట్టింది. ఇరవై ఆరు ఫ్లాపీలు. ఇవాళ పొద్దున లైబ్రేరియన్ గారు తలుపు దగ్గర కాపలా నిలబడ్డారు. నీ నాలుగు పేజీలు గోడకి అంటించి, ఒక్కో లైనూ వేలితో చూపించుకుంటూ చేశాను. రెండో ఫ్లాపీ సగంలో ఆగినట్టయింది. గుర్రుమంటుంది, కదలదు. నువ్వు రాసిన లైను చూశాను, 'ఇక్కడ చాలాసేపు పడుతుంది, కంగారుపడి ఏదీ నొక్కకు' అని. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నా వెనక లైబ్రేరియన్ గారూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కదిలింది!

సూచిక తెరిచాను. తెరుచుకుంది. పధ్నాలుగు వేల మూడు వందల పన్నెండు పుస్తకాలు, ఒక్కటి కూడా చెక్కు చెదరలేదు. ఏ పేరు కొట్టినా ఆరు సెకన్లు. అదే మిషన్, అదే మెమరీ. అరిచానే! లైబ్రరీలో 'నిశ్శబ్దం' బోర్డు కింద నిలబడి గావుకేక పెట్టాను. చదువుకునే గదిలోంచి జనం పరిగెత్తుకొచ్చారు.

ఇంకా కమిటీ ఉంది. ఛైర్మన్ గారి బల్ల మీద మీ ఓనరు ధరల కాగితం అలాగే ఉందట.

వదిన


1992 ఏప్రిల్ 12

మా ఇంటి ఆడపడుచుకి,

నీ వదిన గెలిచింది! ఇంక నింపాదిగా కూర్చుని మొదటినుంచీ విను.

కమిటీ అయిదుగురూ కంప్యూటర్ చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. ఛైర్మన్ గారు ముందే మొహం ముడుచుకుని ఉన్నారు. లైబ్రేరియన్ గారు లేచి, పేజీ విప్పిన సంగతి, ఇరవై రెండో నియమం, చిల్లర ఖర్చుల సంతకం అన్నీ దాచకుండా చెప్పారు. ఒకాయన 'ఇది నియమాన్ని వంచడం కాదా?' అన్నారు. లైబ్రేరియన్ గారు 'వంచలేదండి, విప్పాం' అన్నారు. ఇద్దరు నవ్వారు, ముగ్గురు నవ్వలేదు. నవ్వనివాళ్ళలో ఛైర్మన్ గారు ఒకరు.

ఆయన నా వైపు తిరిగి 'పుస్తకం ఎక్కడుందో కార్డు కూడా చెప్తుందమ్మా. కార్డు చెప్పలేనిది నీ మిషన్ ఏదైనా చెప్తుందా?' అన్నారు. 'అడగండి' అన్నాను. ఆయన 'ఏడాది దాటినా పుస్తకాలు తిరిగివ్వని వాళ్ళెవరు? ఎక్కువ ఉన్నవాళ్ళు ముందు రావాలి. చెప్పమను' అన్నారు.

ఆ జాబితా నేను ఎక్కించిందే కదా. మొదటి పేరు ఎవరిదో నాకు తెలుసు.

ఛైర్మన్ గారిదే. పదిహేడు పుస్తకాలు. ఆరేళ్ళుగా.

ప్రశ్న కొట్టి, 'ఎంటర్' బటన్ మీద వేలు పెట్టి ఆగిపోయాను. నొక్కితే నా పోస్టు ఆ కుర్చీలోనే ఆవిరవుతుంది. 'మిషన్‌కి అది రాదండి' అంటే ఎవరికీ తెలీదు. పోస్టు దక్కొచ్చు కూడా. కానీ అబద్ధం చెప్పి ఆ మిషన్ ముందు ఇంకో ఇరవై ఏళ్ళు ఎలా కూర్చోను? దానికి రాదని నా నోటితో నేనే అనాలా? నువ్వు కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళకల్లా నిజం చెప్పావని రాశావు చూడు, అది గుర్తొచ్చింది. చిన్నపిల్ల చెప్పగా లేనిది నాకేం పోయేకాలం అనుకుని నొక్కేశాను.

ఆరు సెకన్లు. తెర మీద మొట్టమొదటి పేరు. ఎదురుగా పదిహేడు.

లైబ్రేరియన్ గారు కళ్ళు మూసుకున్నారు. ఛైర్మన్ గారు ముందుకు వంగి తన పేరు తనే చదువుకున్నారు. కింద ఒక్కో పుస్తకం పేరూ చదివారు. 'ఇది మా ఆవిడ దగ్గరుంది... ఇది డిపోలో ఉంది... ఇది నేను తీసుకున్నానా?' అని గొణిగారు. చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా మీ ఓనరు ధరల కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నారు.

'ఇన్నేళ్ళలో ఒక్క కార్డు కూడా నా మొహం మీద ఈ మాట అనలేకపోయింది. అన్నవాళ్ళు కూడా లేరు' అన్నారు. తర్వాత మిగతా నలుగురినీ చూసి, 'ఈ మిషన్ ఉంటుంది. ఈవిడా ఉంటుంది. రాసుకోండి' అన్నారు. రాసుకున్నారు పిచ్చుకా! పర్మనెంటు! 13871 నంబరు పుస్తకం పేజీ సంగతి కూడా ఆ తీర్మానంలోనే సర్దేశారు. మరో మూడు లైబ్రరీల వాళ్ళు మా దగ్గరికొచ్చి చూసి వెళ్తామన్నారట, వాళ్ళకీ అప్‌గ్రేడ్లు కావాలట. మీ ఓనరుకి చెప్పు, నీ కౌంటర్‌కే వస్తాయని.

ఇంటికొచ్చి చెప్తే మీ అన్నయ్య షాపులో బాగుచేయడానికి వచ్చిన గడియారాలన్నిటికీ ఒకేసారి గంట కొట్టించారు. వీధిలోవాళ్ళు ఏమైందని పరిగెత్తుకొచ్చారు.

నిన్న పొద్దున లైబ్రరీ తలుపులు తీసేసరికి ఛైర్మన్ గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. పక్కన డిపో బండిలో పదిహేడు పుస్తకాలు, దుమ్ము కూడా దులిపి తెచ్చారు. అప్పటికే తలుపు దగ్గర నలుగురు సభ్యులుంటే వాళ్ళ వెనకాల లైన్లో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చింది. పుస్తకాలు ఒక్కొక్కటీ తీసుకుని మిషన్లో కొట్టాను. ఆలస్య రుసుం ఎంతో అదే చెప్పింది. ఆయన కట్టి 'రసీదు ఇస్తావా అమ్మా?' అన్నారు.

ఇచ్చాను. సంతకం పెట్టి, దాని కింద ఇరవై రెండేళ్ళుగా ఖాళీగా వదిలేసే హోదా గీత మీద, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాను: క్యాటలాగు సహాయకురాలు.

నీ వదిన